మానుతున్న చెయ్యి

గురువమ్మ గోరువెచ్చని ఉప్పునీళ్ళ పళ్ళెం బల్ల మీద పెట్టి, "ముంచు" అంది.

పుణ్యవతి కుడిచెయ్యి కట్టుతో సహా నీళ్ళలో ముంచింది. కట్టు బాగా నానాలి. నానకుండా లాగితే కొత్తగా వచ్చిన కండ కూడా గుడ్డతో ఊడొస్తుందని నర్సు గురువమ్మ మొదటి రోజే చెప్పింది. ఆడవాళ్ళ ఆసుపత్రి వరండాలో బెంచీలు అప్పుడే నిండిపోయాయి. పసిపిల్లల ఏడుపు, ఫినాయిలు వాసన, కొందరు తెలుగులో కొందరు ఒరియాలో చెప్పుకుంటున్న రోగాలు. నీలమ్మ కూతురి వెనక గోడకి చేరబడింది. గోసాని నువాగాంలో ఇంటి నుంచి నడిచొచ్చేసరికే కాళ్ళు లాగుతున్నాయి. కూతుర్ని ఇంటికి పంపి, తను మళ్ళీ పెద్ద బజారులో కూర్మారావుగారింటికి అప్పడాల పనికి పోవాలి. ఆలస్యమైతే రోటి దగ్గర చోటు ఇంకొకరిదవుతుంది.

గురువమ్మ గుడ్డ అంచు పట్టుకుని, నీళ్ళు పోస్తూ, కొంచెం కొంచెంగా ఒలిచింది. పుణ్యవతి పళ్ళు బిగించి కప్పు వైపు చూసింది.

"కండొచ్చిందే. బాగా వచ్చింది" అంది గురువమ్మ. "సూడు, ఎర్రగా గింజలు గింజలుగా. చీము నేదు, వాసన నేదు."

నీలమ్మ మెడ చాచి చూసింది. అరచేతి నడుమ పచ్చి ఎరుపు. దాని చుట్టూ అంచున పల్చటి పొర ఒకటి, నీలం కలిసిన తెలుపు, లోపలికి పాకుతోంది. మొన్నటి కంటే ఎరుపు తగ్గింది. నీలమ్మకి ఊపిరి తిరిగినట్టయింది.

గురువమ్మ చెక్క విప్పింది. చెయ్యి వెనకవైపు పెట్టి, ఒక్కో వేలినీ చాపి దానికి కట్టే చెక్క అది. చెక్క తీయగానే వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. గురువమ్మ ముఖం మారింది.

"ఏటే ఇది? వేళ్ళేటి ఇలగున్నాయి?"

 అటుగా వచ్చిన డాక్టరమ్మ ఆగి, చిటికెన వేలు పట్టుకుని నెమ్మదిగా వెనక్కి వంచబోయింది. అది సగం దాకా వచ్చి ఆగింది. అరచేతి అంచున కొత్త చర్మం దారంలా బిగిసి తెల్లబడింది. పుణ్యవతి కెవ్వుమంది.

"సిధా" అంది డాక్టరమ్మ ఒరియాలో. "సిధా రహిబా దర్కార్." ఆ తరవాత గబగబా ఇంకేదో చెప్పి పక్క బెంచీకి పోయింది.

"తిన్నగా ఉండాలంటన్నారు" అంది గురువమ్మ. "ఇప్పుడైతే లాగితే వస్తాది. ఇలాగే ఒగ్గేస్తే మరి రాదు. అప్పుడు కత్తెట్టి కొయ్యాల. కోసినా పూర్తిగా వస్తాదని పూచీ నేదు. చెక్క ఎవరు ఇప్పుతున్నారు?"

"నానే" అంది పుణ్యవతి. "నిద్దట్లో ఊడిపోతంది."

"నిద్దట్లో ముడులు కూడా ఇప్పుకుంటావేటి? గొప్పదానివే!" గురువమ్మ ఒక్కో వేలినీ లాగి కట్టింది. ఒక్కో వేలికీ ఒక అరుపు. నీలమ్మ వరండా స్తంభం వైపు చూస్తూ నిలబడింది.

గేటు దాటాక నీలమ్మ అడిగింది. "నానే అని ఎందుకన్నావే?"

"మరేటి? నీకు పనికి టైమైపోతంది. ఆవిడ తిట్లన్నీ తిని ఎల్తావేటి? నాకైతే పనుందా పాడా" అని పుణ్యవతి కట్టిన చెయ్యి గుండెల దగ్గర పెట్టుకుని ఇంటిదారి పట్టింది.

కూర్మారావుగారి పెరటి చావడిలో రోకళ్ళు అప్పుడే లేస్తున్నాయి. మినప్పిండిలో ఉప్పు, ఇంగువ, సోడాలాంటి అప్పడాల ఖారం వేసి కాచిన నీళ్ళు పోసి, ముద్ద చేసి, నూనె చెయ్యితో రోట్లో దంచాలి. ముద్ద సాగాలి, తెగకూడదు. ఆ తరవాత పొడుగ్గా చేసి దారంతో ఉండలు కోస్తే, పీటల ముందు కూచున్నవాళ్ళు ఒత్తుతారు. ఒత్తడంలో పుణ్యవతికి పేరుంది. ఆమె ఒత్తిన అప్పడం ఎత్తి పట్టుకుంటే అవతలి వెలుతురు కనిపించేది. చిటికెన వేలి దగ్గర్నుంచి అరచెయ్యి మొత్తం కర్ర మీద ఆనాలి. అప్పుడే అంచు పల్చన వస్తుంది.

ఆ రోజు దిగపహండి నుంచి కిరాణా కొట్టు సూరయ్య వచ్చాడు. బుట్టలో అప్పడాలు తీసి చూసి పెదవి విరిచాడు.

"ఇవి ఆ పిల్ల ఒత్తినవి కావు కదండీ?"

"దానికి చెయ్యి కాలింది" అన్నాడు కూర్మారావు. "ఖారం నీళ్ళు ఒలకబోసుకుంది. మనసిక్కడ ఉంటే కదూ! మొగుడు రంగంలో ఉన్నాడు, ఆ రంగూన్ పట్నంలో."

పీట దగ్గర్నుంచి కాసులమ్మ అందుకుంది. "తపేలాలో రంగం పడవ కనిపించుంటాదండి. సెయ్యూపబోయింది."

ఆడవాళ్ళంతా నవ్వారు. సూరయ్య కూడా నవ్వాడు. నీలమ్మ రోకలి ఎత్తింది, దించింది. ఈ మాట ఆమె ముందు అనకూడదన్న ఆలోచన కూడా ఎవరికీ లేదు. అన్ని సార్లు అనేశారు.

చెయ్యి కాలిన రోజు నీలమ్మ ఇక్కడే, ఈ రోటి దగ్గరే ఉంది. పొయ్యి మీంచి దించిన తపేలా గుడ్డతో పట్టుకుని పుణ్యవతి నడవలోకి వచ్చింది. ఎదురుగా నూతి దగ్గర్నుంచి తడిచీరతో, మడినీళ్ళ బిందెతో అమ్మణ్ణమ్మగారు, కూర్మారావుగారి తల్లి. నడవ ఇరుకు. "తప్పుకోవే, తప్పుకో! తగులుతావు!" అని ఆవిడ అరిచింది. పుణ్యవతి గోడకి నక్కింది. తపేలా గోడకి కొట్టుకుని నీళ్ళు తుళ్ళి, పట్టుకున్న గుడ్డంతా తడిసింది. అక్కడే వదిలేస్తే ఆ నీళ్ళు ముసలమ్మ కాళ్ళ మీద పడేవి. పుణ్యవతి వదల్లేదు. ఆవిడ దాటిపోయేదాకా అలాగే పట్టుకుని నిలబడింది. ఆ తరవాత తపేలా కిందపెట్టి గుడ్డ విప్పబోతే, అరచేతి చర్మం దాంతో పాటే వచ్చింది.

అందరూ చూశారు. సాయంత్రానికి అందరూ వేరేగా చూసినట్టయిపోయింది.

"నీలీ!" వంటింటి గడప లోపల్నుంచి అమ్మణ్ణమ్మ పిలిచింది. నీలమ్మ చెయ్యి తుడుచుకుని వెళ్ళి, గడపకి ఎడంగా నిలబడింది.

"పిల్లకెలా ఉందే?"

"కండొస్తందమ్మగోరూ. వేళ్ళే..."

"ఇంకా ఏడుస్తోందా?"

"చెక్క కడితే ఏడుస్తంది. నానే సందేళ ఇప్పేస్తన్నాను, తవరు సెప్పినట్టు."

"మంచి పని చేస్తున్నావు. వాళ్ళకేం, కోసేవాళ్ళు, కట్టేవాళ్ళు. కన్నకడుపు నీది." ఆవిడ ఆకులో వెన్న చుట్టి గడప మీద పెట్టి వెనక్కి జరిగింది. "ఇది రాయి. చల్లగా ఉంటుంది. ఆ పసిదాన్ని బాధ పెట్టకు. దాని ఏడుపు నాకు ఇక్కడిదాకా వినిపిస్తున్నట్టు ఉంటుందే."

నీలమ్మ ఆకు తీసుకుంది. ముసలమ్మ కళ్ళలో నీళ్ళు నిజమైనవే. అందుకే ఆవిడ మాట తీసెయ్యడం నీలమ్మకి ఎప్పుడూ చేతకాలేదు.

సందెవేళ ఇంటికి వచ్చేసరికి పుణ్యవతి చెయ్యి పైకెత్తి గోడకి ఆనించుకుని కూచుంది. పెదాలు ఎండిపోయాయి.

"లాగుతున్నాదమ్మా. లోపల్నుంచి తాడెట్టి లాగినట్టు."

నీలమ్మ కుండలో గంజి చూడలేదు, కాళ్ళు కడుక్కోలేదు. ముందు ముడులు విప్పింది. చెక్క తీయగానే కూతురి భుజాలు దిగాయి. వేళ్ళు లోపలికి మడుచుకుపోయి, ఎక్కడికో వెళ్ళి పడుకున్నట్టు నిమ్మళించాయి. నీలమ్మ వెన్న రాసింది. పుణ్యవతి తల్లి భుజం మీద తల వాల్చింది.

"రేపు నర్సమ్మ మళ్ళీ తిడతాది."

"తిట్టనీ."

"అమ్మా, నిజంగానే ముడుసుకుపోతాదేటి?"

"నేదే. మానుతంది కదా. మానితే అదే వస్తాది" అంది నీలమ్మ. ఆ మాట అన్నాక తనకే అది ఎవరో అన్నట్టు వినిపించింది.

మర్నాడు గురువమ్మ కట్టు ముంచకముందే ముక్కు చిట్లించింది.

"వెన్న. ఎవరు రాశారు?"

"నానే..." అని పుణ్యవతి మొదలెట్టింది.

"ఒక చేత్తో కట్టు ఇప్పుకుని, వెన్న రాసుకుని, మళ్ళీ కట్టుకున్నావేటి?"

"అది కాదమ్మా. నానే రాసినాను. చెక్కా నానే ఇప్పుతున్నాను" అంది నీలమ్మ.

గురువమ్మ ఆమె వైపు చూసింది. తిడుతుందనుకుంది నీలమ్మ. గురువమ్మ స్టూలు లాక్కుని కూచుంది. ఆమె కళ్ళ కింద కూడా నల్లటి చారలున్నాయి.

"ఇలా రా. దీని చెయ్యి చూడు. ఇక్కడ తోలు లేదు కదా? ఒంటికి తొందరెక్కువమ్మా. పుండు ఉందంటే ఎలాగోలాగ మూసీయాలని చూస్తాది. కొత్త తోలు సరిపోకపోతే, చుట్టూ ఉన్నది లాక్కొచ్చి మూస్తాది. వేలు వంగితే పుండు చిన్నదైపోద్ది, అంచేత వేలు వంచీస్తాది. రేపు ఆ చేత్తో అప్పడం ఒత్తాలా, ముద్ద కలపాలా, అదంతా దానికక్కర్లేదు. అది మనం చూసుకోవాలి."

"దానికి నొప్పి..."

"నొప్పి లేనట్టు ఉంచావనుకో, అలాగే మానిపోద్ది. అప్పుడు నొప్పే ఉండదు. చెయ్యీ ఉండదు."

"ఎన్నాళ్ళు కట్టాలమ్మా?"

"పుండు మూశాక కూడా. మచ్చ మెత్తబడేదాకా. నెలలు పడుద్ది."

నెలలు. నీలమ్మ స్తంభం పట్టుకుంది. "నా వల్ల కాదమ్మా. అది ఏడుస్తుంటే నా సేతులు వాటంతటవే ఇప్పేస్తాయి."

"మరైతే ఇక్కడికి తీసుకురాకు. నడవడం దండగ" అంది గురువమ్మ. అని, చెక్క తుడుస్తూ, "నాకేం సరదా అనుకున్నావా? పొద్దున్నించీ నా చెయ్యి తగిలిన పిల్లల్లో ఏడవనిది ఒక్కర్తి లేదు" అంది.

కట్టు కట్టేటప్పుడు పుణ్యవతి అరవలేదు. తల్లి కొంగు ఎడమచేత్తో నలుపుతూ కూచుంది.

ఆ రోజు పడమటి గాలి. చావడి చూరు కింద చాపల మీద ఆరేసిన అప్పడాలు గంటలోనే అంచులు లేపుతున్నాయి. "ఓలి నీలీ, పరుగెత్తు! ముడుసుకుపోతన్నాయి!" అని కాసులమ్మ కేకేసింది. నీలమ్మ చాపల మధ్య వంగి, ఒక్కొక్కటీ తీసి దొంతి పెట్టి, మీద పీట బోర్లించి, దాని మీద రాయి పెడుతోంది. కాస్త పచ్చి ఉన్నవి కిందికి ఒదిగి చదునైపోతున్నాయి. చివరి వరసలో ఒకటి దొన్నెలా తిరిగి ఎండిపోయింది. బొటనవేలితో నొక్కింది. టక్కున విరిగి రెండయింది. నీలమ్మ ఆ ముక్కలు చేతిలో పట్టుకుని ఉండిపోయింది.

"ఏటే, అప్పడం విరిగితే అలగ సూత్తావు? ఏపుకు తిను" అంది కాసులమ్మ.

నూతి వైపు నుంచి అమ్మణ్ణమ్మ తడిచీరతో వస్తోంది. నీలమ్మని చూసి ఆగింది.

"రాశావుటే వెన్న? చల్లబడిందా?"

"రాసినానమ్మగోరూ."

"ఇవాళ మజ్జిగ తేట ఇస్తాను. కట్టు విప్పి..."

"వద్దమ్మగోరూ."

ముసలమ్మకి సరిగ్గా వినిపించలేదేమో. "ఏఁ?"

"మరి ఇప్పనమ్మా. ఇప్పితే సెయ్యి ముడుసుకుపోతాది. ఏడ్సినా ఇప్పను."

"అంత రాతి గుండేమిటే! కన్నదానివేనా?"

పీటల దగ్గర చప్పుడు సన్నగిల్లింది. నీలమ్మ చేతిలోని ముక్కలు చాప అంచున పెట్టింది. గొంతు పెంచలేదు. అలిసిపోయిన మనిషి కూలబడేటప్పుడు మాట్లాడినట్టు మాట్లాడింది.

"అది పరాగ్గా నడిసి కాల్చుకోనేదమ్మా. తవరికి తెలుసు. తవరు తప్పుకోమన్నారు, తప్పుకుంది. గుడ్డ తడిసిపోయినా తపేలా ఒగ్గనేదు. ఒగ్గేస్తే తవరి కాళ్ళ మీద పడును."

 అమ్మణ్ణమ్మ బిందెని నడుం మీద సవరించుకుంది.

"తప్పుకోమన్నాను. మడిలో ఉన్నవాళ్ళు అనరా? ఒలకబోసుకోమన్నానా?"

"తవరు అననేదమ్మా. నాను అలగ అననేదు."

"మరి?"

"మరేటీ నేదు. అందరూ రంగం పడవ అంటన్నారు. వింటన్నాను. అంతే."

కాసులమ్మ తల దించుకుని కర్ర మీద లేని పిండి దులిపింది. అమ్మణ్ణమ్మ బిందెతో లోపలికి వెళ్ళింది. నీలమ్మ మళ్ళీ చాపల మీదికి వంగింది.  ఈ పూటతో పని పోతుందనుకుంది. పోతే ఎక్కడ అడగాలో కూడా ఆలోచించేసింది. అంకులి దగ్గర తోటల్లో కలుపు పని ఉంటుంది.

మధ్యాహ్నం కూర్మారావు చావడిలోకి వచ్చి బుట్టలు చూస్తూ, "ఒత్తే పిల్ల జాగాలో ఇంకెవర్నైనా చూడాలి. దాని నిర్లక్ష్యానికి మనకి బేరాలు పోతున్నాయి" అన్నాడు.

వంటింటి తలుపు చాటు నుంచి అమ్మణ్ణమ్మ గొంతు వచ్చింది. "ఒరే కూర్మం. దానిది నిర్లక్ష్యం కాదురా. నేను ఎదురొచ్చాను. నా మీద పడకూడదని పట్టుకుంది."

కూర్మారావు తిరిగి చూశాడు. "ఇప్పుడా మాటెందుకే అమ్మా? అయిపోయిందేదో అయిపోయింది."

"అయిపోలేదు. దాని జాగాలో ఎవర్నీ పెట్టకు."

కూర్మారావు "సరే సరే" అని, వేరే బుట్ట మూత తీశాడు. అంతకంటే ఏమీ జరగలేదు. కాసేపటికి అమ్మణ్ణమ్మ గడప దగ్గరికి వచ్చింది. నీలమ్మ ఏదో అడగాలనుకుని నాలుగడుగులు ముందుకి వేసింది.

"అక్కడే ఉండవే, మడిలో ఉన్నాను" అంది అమ్మణ్ణమ్మ. అలవాటైన మాట. అనేశాక ఆవిడ ముఖం చిన్నబోయింది. నీలమ్మ ఆగి, వెనక్కి తిరిగి, దొంతుల మీద రాళ్ళు సర్దుకుంది. అడగాలనుకున్నదేదో తనకే గుర్తు రాలేదు.

సందెవేళ పుణ్యవతి ఎప్పటిలాగే గోడకి చెయ్యి ఆనించుకుని కూచుంది. నీలమ్మ కాళ్ళు కడుక్కుంది. గంజి పొయ్యి మీద పెట్టింది. దీపం వెలిగించింది. అప్పుడు వచ్చి కూతురి పక్కన కూచుంది. ముడులు పట్టి చూసింది. ఒకటి వదులైంది. దాన్ని విప్పి, వేలు చాపి, మళ్ళీ బిగించింది.

"అమ్మా! ఇప్పుతున్నావనుకున్నాను!"

"నేదు."

"కొంచేపు. ఒక్క కొంచేపు. మళ్ళీ కట్టీ."

"నేదే పుణ్యం."

"అమ్మగోరు ఇప్పమన్నారన్నావు కదా?"

"అన్నారు. నాను ఇననన్నాను."

పుణ్యవతి నమ్మలేనట్టు చూసింది. ఆ తరవాత ఏడుపు మొదలైంది. మొదట బతిమాలింది, తరవాత తిట్టింది. "నీకు పని పోతాదని, నా సెయ్యి నీకు కూలికి కావాలని కడతన్నావు" అంది.  అందులో కొంత నిజమే, మిగిలినదాన్ని విడదీసి చెప్పడం నీలమ్మకి రాదు. పుణ్యవతి ఎడమచెయ్యి ముడుల మీదికి వెళ్ళింది. నీలమ్మ ఆ చెయ్యి పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. పుణ్యవతి విదిలించింది. నీలమ్మ రెండు చేతులా పట్టుకుంది.

గంజి పొంగి పొయ్యిలో పడింది. ఆ వాసనకి ఎవరూ లేవలేదు. పుణ్యవతి గోళ్ళు తల్లి మణికట్టు మీద దిగాయి. నీలమ్మ కదల్లేదు. ఏడుపు ఎక్కిళ్ళయి, ఎక్కిళ్ళు మూలుగయి, చివరికి పిల్ల తల్లి తొడ మీదే తల పెట్టి కళ్ళు మూసింది. నీలమ్మకి వీపు పట్టేసింది. అయినా చెయ్యి వదిలితే తన చేతులు ఏం చేస్తాయోనని భయపడి అలాగే కూచుంది.

పొద్దున్న గురువమ్మ చెక్క తీసి, వేళ్ళు ఒక్కొక్కటీ పట్టి చూసింది. మెచ్చుకోలేదు. "నిన్నటి కంటే వంగలేదు" అంది. "వంగకపోతే చాలు. రేపటి నుంచి వెనక్కి తెద్దాం."

కట్టు ముగించి చేతులు తుడుచుకుంటూ గురువమ్మ నీలమ్మ మణికట్టు చూసింది. నాలుగు చోట్ల అర్ధచంద్రాల్లా చర్మం లేచి, నెత్తురు గడ్డకట్టి ఉంది.

"ఇదేటి?"

"పిల్లి బరికింది" అంది నీలమ్మ.

పుణ్యవతి మొహం తిప్పేసుకుంది.

"మీ పిల్లికి గోళ్ళు తియ్యి" అని గురువమ్మ దూది టింక్చరులో ముంచి గాట్ల మీద అద్దింది. భగ్గుమని మండింది. నీలమ్మ ఉస్సుమంది. ఆమె చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చి, పిడికిలి బిగించుకుని, గుండెలకి అతుక్కుంది.

పుణ్యవతి ఎడమచెయ్యి చాచి తల్లి పిడికిలి పట్టుకుంది.

"సాపమ్మా" అంది. "సాపు. నాను పట్టుకుంటాను."